స్కూల్లో ‘డే ఆఫ్ సైలెన్స్’: పిల్లలూ, తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఏప్రిల్ దగ్గరపడేసరికి ఈ మాట ఏదో ఒకరోజు భోజనాల దగ్గర వస్తుంది. “అమ్మా, వచ్చే శుక్రవారం నేను స్కూల్లో మాట్లాడను.” మా ఇంట్లో వచ్చినప్పుడు మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. ఆ ఏడాదితో మొదలుపెట్టి వరసగా నాలుగేళ్ళు తను పాల్గొంది. తెలిసినవాళ్ళు నన్నడిగినవీ, పిల్లలు తనని అడిగినవీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను లాయర్ని కాను. చట్టం గురించి చెప్పినవి అందరికీ అందుబాటులో ఉన్న తీర్పుల్లోవి. మీ స్కూల్లో పేచీ వస్తే లాయర్ని అడగండి.

అసలేమిటిది?

ఏప్రిల్‌లో ఒక రోజు, మామూలుగా ఒక శుక్రవారం, స్కూలు మొదలైనప్పటి నుంచి వదిలేదాకా మాట్లాడకుండా ఉండటం. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ (ఎల్‌జీబీటీ) పిల్లల్లో చాలామంది వెక్కిరింతలకీ దెబ్బలకీ భయపడి తమ గురించి ఎక్కడా నోరు విప్పరు. వాళ్ళు రోజూ మోసే ఆ మౌనాన్ని మిగతావాళ్ళు ఒక్కరోజు పైకి కనబడేలా మోస్తారు. ఊరేగింపు ఉండదు, నినాదాలుండవు, క్లాసు ఎగ్గొట్టడం ఉండదు.

ఎవరు మొదలుపెట్టారు?

1996లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మరియా పుల్జెట్టి అనే విద్యార్థిని, తన తోటివాళ్ళతో కలిసి. అహింసా నిరసన మీద చేయాల్సిన ఒక క్లాసు పని నుంచి పుట్టిన ఆలోచన అది. ఆ మొదటిసారి 150 మందికి పైగా విద్యార్థులు పాల్గొన్నారు. మరుసటి ఏడాదికే వందకి దగ్గరగా కాలేజీలకి పాకింది. తర్వాత, 2001లో, దీన్ని స్కూళ్ళలో ఎల్‌జీబీటీ పిల్లల కోసం పనిచేసే గ్లిసెన్ (GLSEN) అనే సంస్థ తన భుజాన వేసుకుంది. ఆ సంస్థని 1990లో మసాచుసెట్స్‌లో కొందరు టీచర్లు మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇది కాలేజీలది కాకుండా ఎక్కువగా హైస్కూళ్ళది అయిపోయింది.

2008 ఏడాది మాత్రం వేరు. ఆ ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో లారెన్స్ కింగ్ అనే 15 ఏళ్ళ కుర్రాణ్ణి క్లాసురూములోనే తోటి విద్యార్థి తుపాకీతో కాల్చాడు. ఆ ఏప్రిల్ మౌనాన్ని దేశమంతటా ఆ పిల్లవాడి పేరున పాటించారు.

పేరు మారిందని విన్నానే?

నిజమే. 2024లో గ్లిసెన్ దీన్ని ‘డే ఆఫ్ నో సైలెన్స్’ అని మార్చింది. రాష్ట్రాల్లో ఎల్‌జీబీటీ పిల్లలకి వ్యతిరేకంగా బిల్లుల మీద బిల్లులు వస్తుంటే ఇంకా నోరు మూసుకోవడమేమిటి, గట్టిగా మాట్లాడాలి అన్నది వాళ్ళ వాదన. వాదనలో బలముంది. అయినా నాకు పాత పద్ధతే ఇష్టం. మైకు ముందు నిలబడలేని పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు, మౌనం వాళ్ళకి కూడా అందుతుంది. మీ స్కూలు పిల్లలు ఏది ఎంచుకున్నా తప్పులేదు. ఈ రోజు మీద ఎవరికీ పేటెంటు లేదు.

మౌనం అర్ధాంగీకారం అంటాం కదా. నోరు మెదపకపోతే నిరసన ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న మా ఆయన అడిగారు, సరిగ్గా ఈ మాటల్లోనే. జవాబు మొదటి ఏడాది మాకే తెలియదు. అనుభవం మీద తెలిసింది.

ఆ ఏడాది మా అమ్మాయీ, ఇంకో ఐదుగురూ నల్ల టీషర్టులు వేసుకుని వెళ్ళారు. ఎందుకు మాట్లాడటం లేదో చెప్పే చీటీలు రాసుకోవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెండో పీరియడ్‌కి రోజూ వచ్చే టీచరు రాలేదు, ఆయన బదులు సబ్‌స్టిట్యూట్ వచ్చారు. హాజరు పిలుస్తూ మన పేరు దగ్గర ఆగారు. మన పేర్లతో వాళ్ళు పడే పాట్లు తెలిసినవే. రెండుసార్లు రెండు రకాలుగా పలికారు, రెండూ తప్పే. ఇది చెయ్యెత్తింది. ఆయన తల కాగితం మీద నుంచి ఎత్తలేదు. తప్పు పేరుని సరిదిద్దడానికి నోరు విప్పకూడదు, రాసిచ్చేందుకు చీటీ లేదు. ఆయన ఇంకోసారి పిలిచి, గైర్హాజరు అని వేసుకుని ముందుకి వెళ్ళిపోయారు.

పదిన్నరకి ఆఫీసులో నా ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు: మీ అమ్మాయి రెండో పీరియడ్‌కి రాలేదు. గుండె జారిపోయి స్కూలుకి ఫోను చేస్తే, వాళ్ళు వెతికి, “ఇక్కడే ఉందండీ, మొదటి బెంచీలో” అన్నారు.

సాయంత్రం కారెక్కాక మా అమ్మాయి అన్న మొదటి మాట: “నేనక్కడే ఉన్నానమ్మా. నా పేరు తప్పు పిలుస్తున్నారు, నేను చెప్పలేను, చివరికి లేనని రాసేసుకున్నారు. మా క్లాసులో ఒకరికి రోజూ ఇంతే.” ఆ ఒకరు ట్రాన్స్‌జెండర్ విద్యార్థి. మా ఆయన ఆ తర్వాత సామెత ఎత్తలేదు.

కాబట్టి జవాబు ఇదీ: ఊరికే మాట్లాడకపోతే అది అర్ధాంగీకారమో, అలకో, గైర్హాజరో అవుతుంది. ఎందుకు మాట్లాడటం లేదో ముందే చెప్పి మౌనంగా ఉంటేనే అది నిరసన. ఆ చెప్పే పని చీటీది.

చీటీ మీద ఏం రాయాలి?

ఇంగ్లీషులో, మూడు నాలుగు వాక్యాలు చాలు. నేనీ రోజు ఎందుకు మాట్లాడటం లేదు, ఎవరి కోసం, ఎప్పుడు మళ్ళీ మాట్లాడతాను, ఇంకా తెలుసుకోవాలంటే ఎవరిని కలవాలి. గ్లిసెన్ తయారుచేసిన చీటీలు ఉన్నాయి గానీ, పిల్లలు సొంత మాటల్లో రాసుకున్నదే ఎదుటివాళ్ళు ఆగి చదువుతారు. రెండో ఏడాది మా వాళ్ళు గట్టి ఇండెక్స్ కార్డుల మీద నలభై రాసుకున్నారు, మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. యాభై పైన పెట్టుకోండి. వెనక వైపు ఖాళీగా వదలండి, ఆ రోజు రాతపూర్వకంగా కబుర్లాడటానికి అదే పనికొస్తుంది. సబ్‌స్టిట్యూట్ కోసం ఒకటి జేబులో విడిగా ఉండాలి. ఇది మా ఇంటి నియమం.

క్లాసులో టీచరు ప్రశ్న అడిగితే?

అడిగితే చెప్పాలి. ఇక్కడే చాలామంది పిల్లలు పొరబడతారు. వరండాలో, బస్సులో, లంచ్‌లో, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య మౌనంగా ఉండే హక్కు మీకుంది. పాఠం జరుగుతుండగా టీచరు అడిగినదానికి జవాబివ్వకుండా ఉండే హక్కు మాత్రం లేదు. స్పానిష్ క్లాసులో ఆ రోజు మౌఖిక పరీక్ష ఉంటే మౌనం కారణంగా సున్నా వేయొచ్చు, దాన్ని వివక్ష అనలేం.

దీనికి మందు ముందుగా అడగడమే. వారం ముందు ప్రతి టీచరుకీ విడివిడిగా ఓ చిన్న ఉత్తరం రాయండి. ‘ఆ రోజు నేను మాట్లాడను, మీకు ఇబ్బంది లేకపోతే జవాబులు బోర్డు మీదో కాగితం మీదో రాసిస్తాను, కుదరదంటే క్లాసు వరకూ మాట్లాడతాను.’ ఆ చివరి ముక్క మరిచిపోకండి. టీచరుకి కాదనే దారి వదిలితేనే ఎక్కువమంది సరేనంటారు. మా అమ్మాయి కెమిస్ట్రీ టీచరు సరే అనడమే కాదు, ఆ పీరియడంతా తనూ బోర్డు మీద రాస్తూనే పాఠం చెప్పారట. క్వైర్ (బృందగానం) టీచరు ఒప్పుకోలేదు. మే నెలలో కచేరీ పెట్టుకుని ఏప్రిల్‌లో పాడనంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఆ గంటసేపు పాడి, బయటికొచ్చి మళ్ళీ నోరు మూసుకుంది. వ్రతభంగమేమీ కాలేదు.

స్కూలు దీన్ని ఆపగలదా?

ప్రభుత్వ స్కూలైతే, చదువుకి ఆటంకం లేనంతవరకూ, ఆపడం కష్టం. ఇందులో పిల్లలకి అండగా నిలిచేది 1969 నాటి టింకర్ తీర్పు. 1965 డిసెంబరులో, వియత్నాం యుద్ధం జరుగుతుండగా, అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో కొందరు పిల్లలు సంతాప సూచకంగా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని స్కూలుకెళ్ళారు. వాళ్ళలో మేరీ బెత్ టింకర్‌కి అప్పుడు 13 ఏళ్ళు. స్కూలు సస్పెండ్ చేసింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 7–2 తేడాతో పిల్లలే గెలిచారు. స్కూలు గేటు దాటినంత మాత్రాన విద్యార్థులు తమ భావప్రకటన హక్కుని బయట వదిలేసి రారని కోర్టు అంది. చదువుకి గణనీయమైన ఆటంకం కలుగుతుందని స్కూలు నిజంగా చూపగలిగితేనే ఆపొచ్చు. నచ్చకపోవడం, ఎవరో పేరెంట్ ఫోన్ చేసి గొడవ చేయడం దానికి సరిపోవు. ఒక నల్ల గుడ్డముక్కకే అంత రక్షణ దొరికితే, లంచ్‌లో మాట్లాడకుండా కూర్చోవడానికి దొరకదా?

ఇంకో పాత తీర్పు కూడా ఉంది, 1943లో వచ్చిన బార్నెట్ కేసు. జెండా వందనం చేయమనీ ప్రమాణం చెప్పమనీ పిల్లల్ని బలవంతపెట్టకూడదని అందులో తేల్చారు. మౌనంగా ఉండే హక్కుకి మూలం అక్కడ ఉంది. పొద్దున ‘ప్లెడ్జ్’ చెప్పకుండా ఉండటం గురించి అడిగేవాళ్ళకి జవాబు కూడా ఇదే. కాకపోతే టెక్సస్, ఫ్లోరిడాల్లో దానికి తల్లిదండ్రులు రాసివ్వాలి. ఒక వాక్యం రాసి సంతకం పెట్టి పంపండి.

మాది ప్రైవేటు స్కూలు.

అయితే పై రెండు తీర్పులూ మీకు నేరుగా వర్తించవు. రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. కాలిఫోర్నియాలో మతసంస్థలవి కాని ప్రైవేటు హైస్కూళ్ళకి కూడా ఇలాంటి రక్షణని రాష్ట్ర చట్టం ఇచ్చింది. మిగతాచోట్ల స్కూలు నియమావళి చదివి, అడిగి చేయండి.

క్లబ్బు పెట్టుకోనిస్తారా?

1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే ప్రభుత్వ హైస్కూలు చదువుతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకి చోటిచ్చినా, చెస్ క్లబ్బయినా సరే, ఎల్‌జీబీటీ పిల్లలూ వాళ్ళ స్నేహితులూ కలిసి నడుపుకునే ‘జెండర్ అండ్ సెక్సువాలిటీ అలయన్స్’ లాంటి క్లబ్బులకి కాదనకూడదు. ఆ చట్టం కోసం అప్పట్లో పట్టుబట్టింది స్కూళ్ళలో బైబిల్ క్లబ్బులు కావాలన్నవాళ్ళు. చట్టాలు ఎవరి చేతికి ఎప్పుడు అందుతాయో చెప్పలేం.

మేం ఫ్లోరిడాలో ఉంటాం. అక్కడ నిషేధం కదా?

2022లో వచ్చిన చట్టం ఎల్‌జీబీటీ విషయాల మీద టీచర్లు క్లాసులో చెప్పే పాఠం గురించినది. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవడానికీ, క్లబ్బులకీ అది అడ్డు కాదని ఆ చట్టం మీద నడిచిన కేసులో 2024 మార్చిలో కుదిరిన రాజీలో స్పష్టం చేశారు. అయితే పాఠం చెప్పే టీచర్లకి భయం ఉంటుంది, వాళ్ళని చిక్కుల్లో పెట్టకండి. అంతా పిల్లలు నడుపుకుంటేనే మంచిది.

ఇది నచ్చనివాళ్ళు వ్యతిరేకంగా టీషర్టులు వేసుకొస్తే?

వేసుకొస్తారు. 2005 నుంచి కొన్ని క్రైస్తవ సంస్థలు దీనికి పోటీగా ‘డే ఆఫ్ ట్రూత్’ నడిపాయి, 2011లో దాన్నే ‘డే ఆఫ్ డైలాగ్’ అన్నారు. కొందరు తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని బడికి పంపడమే మానేస్తారు. టింకర్ తీర్పు వాళ్ళకీ ఉంది. ఇల్లినాయ్‌లో ఒక అమ్మాయి గే పిల్లల్ని తప్పుపట్టే మాట రాసున్న చొక్కాతో రావడాన్ని స్కూలు ఆపితే, 2011లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ అమ్మాయి పక్షానే తీర్పిచ్చింది. అంతకుముందు 2006లో ఇలాంటి చొక్కా మీదే వచ్చిన కాలిఫోర్నియా కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు స్కూలు పక్షాన నిలబడింది, తర్వాత సుప్రీం కోర్టు దాన్ని పక్కన పెట్టేసింది. అంటే ఈ గీత ఇంకా ఒక కొలిక్కి రాలేదు. మా అమ్మాయికి నేను చెప్పింది ఒకటే: నీ చీటీ వాళ్ళకీ ఇవ్వు, తీసుకోకపోతే దండం పెట్టి పక్కకి జరుగు. ఆ రోజు వాదన పెట్టుకోవడానికి నీకెలాగూ నోరు లేదు.

నోటికి టేపు వేసుకోవచ్చా?

వద్దు. ఫొటోకి బాగుంటుంది. చర్మం ఊడొస్తుంది, జలుబుగా ఉంటే ఊపిరాడదు, పైగా ఆపడానికి స్కూలుకి మంచి సాకు దొరుకుతుంది. రిబ్బన్ కట్టుకోండి.

సైగలు చేయొచ్చా? ఫోనులో టైపు చేయొచ్చా?

ఎవరి నియమం వాళ్ళది. సైగభాషే మాతృభాషగా ఉన్న బధిర విద్యార్థిని మాత్రం ‘నువ్వు కూడా చేతులు కట్టుకో’ అని అడగకండి. వాళ్ళు ఎలా పాల్గొంటారో వాళ్ళనే చెప్పనివ్వండి.

అత్యవసరం అయితే?

మాట్లాడాలి. ఫైర్ డ్రిల్, దెబ్బలు, ఆస్తమా, స్నేహితురాలు ఏడవటం, వీటన్నిటికీ మౌనం కన్నా మాటే ముఖ్యం.

మావాడు పాల్గొంటే అందరూ వాణ్ణి గే అనుకోరా?

కొందరు అనుకుంటారు. పాల్గొనేవాళ్ళలో చాలామంది స్నేహితుల కోసం, అక్క కోసం, బాబాయి కోసం చేసేవాళ్ళే. ఈ ప్రశ్న నన్ను అడిగిన ప్రతి తల్లిలోనూ నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ముందు కనిపిస్తుంది, దాని వెనక ఇంకో ప్రశ్న నక్కి ఉంటుంది: ‘నిజంగా అయితేనో?’ అది పిల్లవాణ్ణి ఆ రోజు పొద్దున వాకిట్లో నిలబెట్టి అడిగే ప్రశ్న కాదు. చెప్పాలనిపించినప్పుడు వాడే చెబుతాడు. చెప్పినప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో వాడు ఇప్పటి నుంచే గమనిస్తున్నాడు. టీవీలో ఎవరో కనిపించగానే మీరు నవ్వుతూ అన్న మాట కూడా వాడికి గుర్తుంటుంది.

(పిల్లల ప్రశ్న) ఇంట్లో తెలిస్తే ఊరుకోరు. అయినా చేయనా?

ముందు నీ క్షేమం చూసుకో. తెలిస్తే ఇంట్లోంచి పంపేస్తారనో, కొడతారనో భయముంటే ఈ ఏడాదికి ఆగు. నీ పేరున జరుగుతున్న మౌనంలో నువ్వు తప్పకుండా కూర్చోవాలని లేదు. చేస్తానంటే ఈ మూడూ గుర్తుపెట్టుకో. స్కూలు ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పడతాయి, మీ పిన్ని కూతురు చూస్తుంది. స్కూలు ఈమెయిలు నీ సొంతం కాదు, స్కూలు వాళ్ళు చదవగలరు. కౌన్సెలర్‌కి ఏదైనా చెప్పేముందు ‘ఇది మా ఇంట్లో చెబుతారా?’ అని అడుగు, కొన్ని రాష్ట్రాల్లో పేరు, సర్వనామం మార్చమని అడిగితే స్కూలు ఇంట్లో చెప్పి తీరాలన్న చట్టాలున్నాయి.

మనసు మరీ బరువైతే 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఎల్‌జీబీటీ పిల్లల కోసమే పనిచేసే ట్రెవర్ ప్రాజెక్ట్‌కి 678678 నంబరుకి ‘స్టార్ట్’ అని ఇంగ్లీషులో మెసేజ్ పెడితే మనిషే జవాబిస్తారు.

ఎవరైనా ఏడిపిస్తే మౌనంగా భరించాలా?

అక్కర్లేదు. వెక్కిరింత అయితే చీటీ చేతిలో పెట్టి నడిచిపోవచ్చు. తోయడం, బెదిరించడం, వెంటపడటం అయితే వెంటనే నోరు తెరిచి పెద్దవాళ్ళకి చెప్పాలి. తర్వాత తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, చూసినవాళ్ళ పేర్లు రాసుకుని, రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలి. ఫిర్యాదు చేసి ఉంచడం విలువేమిటో విస్కాన్సిన్‌కి చెందిన జేమీ నబోజ్నీ కేసు చూస్తే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి తోటివాళ్ళు కొడుతున్నా, తల్లిదండ్రులు వెళ్ళి చెప్పినా స్కూలు పట్టించుకోలేదు. స్కూలు అధికారులే బాధ్యులని కోర్టులో తేలాక 9 లక్షల డాలర్లకి పైగా ఇచ్చి రాజీపడాల్సి వచ్చింది. అదీ 1996లోనే, వర్జీనియాలో ఆ మొదటి మౌనం జరిగిన ఏడాదే.

సాయంత్రం ఏం చేస్తారు?

స్కూలు వదిలాక ఒకచోట చేరి అందరూ ఒకేసారి గట్టిగా అరిచి మౌనం విడుస్తారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఈ గంటని వదులుకోవద్దు, పొద్దుటి నుంచీ గొంతులో ఆగిపోయినవన్నీ బయటికొచ్చేది అప్పుడే. పిల్లల్ని ఎక్కించుకోవడానికి కాస్త ఆలస్యంగా వెళ్ళండి.

ఇండియాలో ఉన్న అమ్మమ్మకి ఎలా చెప్పాలి?

మా అమ్మ విషయంలో ఏం జరిగిందో చెబుతాను. మూడో ఏడాది, స్కూలుకి బయల్దేరేముందు వీడియో కాల్ వచ్చింది. ఇది అప్పటికే మౌనం మొదలుపెట్టేసింది. అమ్మమ్మ పలకరిస్తే చెయ్యూపింది, నవ్వింది, మాట లేదు. అమ్మ కంగారుపడి గొంతునొప్పా అంది. నేను చెప్పాను, మౌనవ్రతమని. అమ్మకి ముచ్చటేసింది. గాంధీ గారు కూడా సోమవారాలు మాట్లాడేవారు కాదు, తెలుసా అని మొదలుపెట్టింది. ఎవరి కోసం వ్రతం అని అడిగింది.

నేను తెలుగులో మాటలు వెతుక్కుంటుంటే, మా అమ్మాయి తన చీటీ వెనక్కి తిప్పి, వచ్చీరాని తెలుగు అక్షరాలతో ఒక్కటే ముక్క రాసి కెమెరాకి చూపించింది: ‘మాట్లాడలేని ఫ్రెండ్స్ కోసం’. ఒత్తు తప్పు పడింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, “ఉపవాసం కూడానా? టిఫిన్ తిన్నావా లేదా?” అంది. మా అమ్మాయి డబ్బా మూత తెరిచి ఇడ్లీలు చూపించింది.